జెబకనీ చెప్పిన సాక్ష్యం

జెబకనీ టపాకాయల మందుగదిలో కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. అన్నేళ్లలో ఒక్క ఆదివారం కూడా ఆమె బాణసంచా కంపెనీ గేటు దాటి లోపలికి పోలేదు. కరిసల్‌పట్టిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. కొందరు మెచ్చుకునేవాళ్లు, కొందరు మూతి తిప్పేవాళ్లు. ఆమె రెండూ పట్టించుకునేది కాదు.

పొయ్యి వెలిగించకముందే మోకాళ్లూనేది. కోడి పెట్టిన మొదటి గుడ్డు, చెట్టుకు కాసిన మొదటి మునక్కాయ ఊళ్లోని క్రైస్తవుల గుడికే పోవాలి. ఆమె మొగుడు దేవ ఇరక్కం ఆ గుడిలో గంట కొట్టేవాడు, చీపురు పట్టేవాడు. అయినా అతనికి ఆమెంత పట్టింపు లేదు. "దేవుడు మునక్కాయ పులుసు తాగుతాడటే? తాగేది పాస్టరు అయ్యగారు" అని నవ్వేవాడు. "ఎవరు తాగినా మనం తాగకముందు తాగాలి" అనేది జెబకనీ.

ఆ ఏడు దీపావళికి ఇంకా రెండు నెలలుందనగానే కంపెనీకి ఆర్డర్లు వెల్లువలా వచ్చిపడ్డాయి. ఆకాశంలోకి లేచి పూలుపూసే రకాలకు గిరాకీ ఎక్కువ. వాటి గొట్టాల్లో మందు నింపడమే జెబకనీ పని. ఆదివారాలు కూడా గదులు తెరుస్తామని ఫోర్‌మన్ ఆశీర్వాదం చెప్పాడు. అలా తెరవడానికి అనుమతి లేదని అతనికీ తెలుసు, అందరికీ తెలుసు. ఆశీర్వాదం గుడిలో ముందు బల్ల మీద కూర్చునే మనిషి, కానుకల పళ్లెం పట్టే పెద్ద.

"చూడమ్మా కనీ, లారీలొచ్చి నిలబడ్డాయి. దీపావళి ఆదివారం చూసి ఆగుతుందా?" అన్నాడు.

"దీపావళి ఆగదు అన్నాచ్చీ. నేనాగుతాను."

"నువ్వాగితే నీ చోటు ఆగదు. కూర్చోవడానికి నలుగురు కాచుకుని ఉన్నారు."

"మరి మీరో? పళ్లెం ఎవరు పడతారు?"

"నాకు గుడి అయ్యాక పని. నీకలా కుదరదు. నీది చేతి పని, పొద్దున్నే కూర్చోవాలి." కొంచెం ఆగి మెల్లగా అన్నాడు, "నీ బదులు ఎవర్నైనా పంపు. రిజిస్టర్లో నీ పేరే ఉంటుంది. కొత్త పేరెక్కిస్తే పైవాళ్లు ప్రశ్నలేస్తారు."

ఇంటికొచ్చి ఆ మాట గోడ అవతలి పేచ్చిత్తాయికి చెప్పింది. పేచ్చికి ముప్పై ఆరేళ్లుంటాయి. మొగుడు తిరుప్పూరు బట్టల మిల్లుకని పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. మంచాన పడిన అత్తనీ, పన్నెండో తరగతి చదివే కూతురు ముత్తుమారినీ ఇంట్లో కూర్చుని కాగితపు గొట్టాలు చుట్టి పోషిస్తోంది. గొట్టాలు చుట్టే పనికంటే మందుగది కూలీ రెట్టింపు.

"నేను పోతా అక్కా" అంది పేచ్చి వెంటనే. "మీ దేవుడికి ఆదివారం పట్టింపు. మా ఊరమ్మ పేచ్చియమ్మకి అలాంటివేం లేవు, మంగళవారం ఇంత పొంగలి పెడితే చాలు, మిగతా రోజులు నన్ను నా మానాన వదిలేస్తుంది."

"నీకు మందు పని రాదే."

"నీకు పుట్టుకతోనే వచ్చిందా? నేర్పు."

ఆ సాయంత్రం పెరట్లో చాప వేసుకుని కూర్చున్నారు. జెబకనీ పొయ్యి బూడిద జల్లెడ పట్టి, మందుకు బదులు దాన్ని తొట్టెలో పోసింది. కాగితపు గరాటు గొట్టంలో ఎలా నిలపాలో, కొయ్య గరిటెతో ఎంత తియ్యాలో చూపించింది. పేచ్చి తొందర మనిషి, గరిటె వెనకవైపుతో కూరింది.

"నొక్కకు! నొక్కితే రాపిడి. రాపిడైతే ఇక మాట్లాడుకోవడానికి ఎవరూ ఉండరు. పడనియ్యి. బిడ్డకు పాలు పట్టినట్టు."

"అబ్బో, నా మొగుడికి అన్నం పెట్టినప్పుడు కూడా ఇంత నిదానం చూపలేదు నేను."

"అందుకే తిరుప్పూరు పారిపోయాడు."

ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. చీకటి పడే వేళకు పేచ్చి చేయి కుదిరింది. ఇనుప గాజులు వద్దని, నూలు చీరే కట్టుకోమని, గదిలో నలుగురికి మించితే బయటికొచ్చెయ్యమని జెబకనీ మూడుసార్లు చెప్పింది. అలా ఐదు ఆదివారాలు గడిచాయి. పేచ్చి మొహానికి మందులోని వెండిరంగు పొడి అంటించుకుని మధ్యాహ్నం వచ్చేది, జెబకనీ తెల్లచీర కట్టుకుని గుడి నుంచి వచ్చేది. దారిలో ఎదురైతే పేచ్చి, "ఎవరక్కా ఎక్కువ మెరుస్తున్నారు?" అని ఆటపట్టించేది.

ఆరో ఆదివారం ముందు శనివారం మధ్యాహ్నం వాన పడింది. గాలి చెమ్మగా ఉండడంతో పని సాగలేదు, సాయంత్రానికి తొట్టెలో సగం మందు మిగిలిపోయింది. కలిపిన మందు ఆ రోజు వాడకపోతే, వెనకున్న గుంటలో నీళ్లలో కలిపి పారబొయ్యాలి. చెమ్మ తగిలిన మందు రాత్రంతా తనలో తానే వేడెక్కుతుంది. గదిలో పెద్దది కాబట్టి ఆ పని ఎప్పుడూ జెబకనీదే. కొంచెం కొంచెంగా తీసుకెళ్లి పొయ్యాలి, అరగంటకు పైనే పడుతుంది.

ఐదున్నరకు గుడి గంట వినిపించింది. మర్నాడు ప్రభువు బల్ల, గుడిలో అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. దానికి సిద్ధపడే ప్రార్థన శనివారం సాయంత్రమే. అది తప్పితే ఆమె బల్ల దగ్గరికి వెళ్లేది కాదు, అది తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు.

"అన్నాచ్చీ, తొట్టెలో మిగిలింది. పారబొయ్యాలి" అంది.

"నువ్వెళ్లమ్మా, ఆలస్యమవుతుంది. నేను చూసుకుంటా" అన్నాడు ఆశీర్వాదం, సెల్లు నుంచి తలెత్తకుండా.

జెబకనీ ఒక్క క్షణం నిలబడింది. ఆయన చూసుకోడని ఆమె మనసుకు తోచింది. అంత మందు నేలపాలు చేయించే మనిషి కాదు ఆయన, అందులోనూ లారీలు నిలబడి ఉన్నప్పుడు. గంట రెండోసారి మోగింది. కాళ్లు కడుక్కుని వెళ్లిపోయింది.

మర్నాడు బల్ల దగ్గర మోకాళ్లూని, రొట్టెముక్క అరచేతిలో పెట్టించుకున్న సమయానికి నేల కదిలింది. శబ్దం ఆ తర్వాత వచ్చింది. కిటికీ అద్దాలు మూడు రాలి గచ్చు మీద పడ్డాయి. ఆ ఊళ్లో ఆ శబ్దానికి అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. ఒక్కసారిగా అందరూ లేచి తలుపు వైపు తోసుకున్నారు. ఆశీర్వాదం చేతిలోని కానుకల పళ్లెం పక్కవాడికి ఇచ్చేసి, అందరికంటే ముందు పరుగెత్తాడు.

జెబకనీ వెళ్లేసరికి మందుగది ఉన్న చోట గది లేదు. గదికీ గదికీ మధ్య నాటిన వేపచెట్లు ఒకవైపు మాడి నిలబడ్డాయి. లోపలున్న నలుగురిలో ముగ్గురు అక్కడికక్కడే పోయారు. పేచ్చిని తలుపు దగ్గర నుంచి ఎత్తుకొచ్చి, అరిటాకుల మీద పడుకోబెట్టి వ్యాను ఎక్కిస్తున్నారు. ఎవరో జెబకనీని చూసి గావుకేక పెట్టారు. "కనీ! నువ్వు బతికున్నావా? రిజిస్టర్లో నీ పేరుందే!"

జిల్లా ఆసుపత్రిలో పేచ్చి రెండు రోజులుంది. దోమతెర కింద మొహం తప్ప మిగతాదంతా కట్లే. ముత్తుమారి బయట బల్ల మీద జెబకనీ కొంగు పట్టుకుని కూర్చుంది. సోమవారం మధ్యాహ్నం జెబకనీని లోపలికి వదిలారు.

"అక్కా" అంది పేచ్చి. "నొక్కలేదు. పడనిచ్చాను. నువ్వు చెప్పినట్టే."

"తెలుసే. మాట్లాడకు."

"తొట్టెలో మందు పొద్దున్నే వెచ్చగా ఉంది. జొరమొచ్చిన పిల్ల ఒళ్లులా. ఇదేంటి ఇలా ఉందని అడుగుదామంటే ఫోర్‌మన్ లేడు. గుడికెళ్లాడన్నారు."

"పరుగెత్తుకొచ్చి నాకు చెప్పాల్సింది పేచ్చీ."

"నువ్వూ గుడిలోనే కదక్కా" అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉన్న మాట చెప్పినట్టే చెప్పింది. తర్వాత పన్నీరు సోడా తాగాలనుందని అడిగింది. నర్సు కుదరదంది. మంగళవారం తెల్లారేసరికి పోయింది.

వచ్చిన ఆదివారం గుడిలో కృతజ్ఞతారాధన పెట్టారు. ఆడవాళ్లు జెబకనీని వాటేసుకుని ఏడ్చారు. "నీ భక్తే నిన్ను కాపాడింది. దేవుణ్ణి ముందు పెట్టుకున్నావు, ఆయన నిన్ను మరిచిపోలేదు" అన్నారు. అయ్యగారు కుర్రవాడు, ఆ గుడికి వచ్చి ఏడాది కాలేదు. మనస్ఫూర్తిగానే పిలిచారు. "అమ్మా, వచ్చి సాక్ష్యం చెప్పండి. విన్నవాళ్ల విశ్వాసం బలపడుతుంది."

జెబకనీ లేచి ముందుకెళ్లి నిలబడింది. అద్దాలు పోయిన కిటికీలకు అట్టలు కొట్టి ఉన్నాయి.

"నన్ను కాపాడాడని అందరూ అంటున్నారు" అంది. "పేచ్చిని ఎందుకు కాపాడలేదో మీలో ఎవరికైనా తెలిస్తే ముందు అది చెప్పండి. ఆ తర్వాత నేను చెబుతాను."

వచ్చి తన చోట కూర్చుంది. ఆశీర్వాదమే గొంతు సవరించుకుని ఒక కీర్తన ఎత్తుకున్నాడు, మిగతావాళ్లు బతికిపోయామన్నట్టు అందుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ఆశీర్వాదం ఇంటికొచ్చాడు. అరిటిపళ్ల గెల ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టాడు. దేవ ఇరక్కం కుర్చీ తెచ్చి వేశాడు.

"బుధవారం విచారణ. బడి వరండాలో కూర్చుంటారట. నిన్ను తప్పకుండా పిలుస్తారు. చెప్పాల్సింది పెద్దగా ఏం లేదు. ఆ రోజు నీకు ఒంట్లో బాగాలేదు. పేచ్చి నీకు తెలీకుండా, నాకు తెలీకుండా నీ పేరు చెప్పుకుని లోపలికొచ్చింది. పని రాని మనిషి, పొరపాటు చేసింది. అంతే."

"అది పొరపాటు చెయ్యలేదు అన్నాచ్చీ."

"నువ్వక్కడ లేవుగా, నీకెలా తెలుసు?"

"శనివారం మందు పారబోశారా మీరు?"

ఆశీర్వాదం దేవ ఇరక్కం వైపు చూశాడు. "నూట ఇరవై ఇళ్ల పొయ్యిలు ఆ కంపెనీ మీద వెలుగుతున్నాయి. అవి ఆర్పడానికా దేవుడు నిన్ను మిగిల్చింది? బాగా ప్రార్థన చేసుకో. ఆయన్నే అడుగు." లేచి చెప్పులేసుకుని, తలుపు దగ్గర ఆగాడు. "ఇంకోమాట. ఆ తొట్టె వదిలేసి గుడికొచ్చింది నేనొక్కణ్ణే కాదు. అది గుర్తుపెట్టుకుని మాట్లాడు."

అతను వెళ్లాక జెబకనీ మొగుడికి మొత్తం చెప్పింది. అప్పటిదాకా చెప్పలేదు. దేవ ఇరక్కం అరుగు మీద కూలబడ్డాడు.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"అన్నాచ్చికి, నాకు."

"మరి నోరు మూసుకోవే. చచ్చినవాళ్లు లేచొస్తారా? నిన్ను కూడా లోపలేస్తారు."

ఆమె లోపలికెళ్లి మోకాళ్లూనింది. ఇరవై రెండేళ్లుగా ఆ మూల చాప మీద మాట రాని రోజు లేదు. ఆ రోజు రాలేదు. కళ్లు మూసుకుంటే తొట్టె కనిపిస్తోంది, దాని వెచ్చదనం అరచేతికి తగులుతోంది. ఆ వెచ్చదనాన్ని ఆమె ముట్టుకున్నది కూడా కాదు. మొదటి గుడ్డు, మొదటి కాయ, వారంలో మొదటి రోజు దేవుడికి ఇచ్చానని ఇన్నాళ్లూ ధీమాగా బతికింది. ఆ చివరి ఆరు ఆదివారాలు తను ఇచ్చినవి కావు. వాటిని ఇచ్చింది పేచ్చి. తను తెల్లచీర కట్టుకుని వెళ్లి వాటిని తన పేరు మీద సమర్పించింది. ఈ ఆలోచన వచ్చాక ఆమెకు ఏడుపు కూడా రాలేదు. చాప చుట్టి గోడకు నిలబెట్టింది.

బుధవారం బడి వరండా కిటకిటలాడింది. అధికారి నెరిసిన జుట్టున్న ఆడమనిషి, ముందర కాగితాలు పేర్చుకుని కూర్చుంది. చనిపోయిన నలుగురి ఇళ్లవాళ్లు ఒక పక్క నేల మీద కూర్చున్నారు. వాళ్లలో ముత్తుమారి, బడి యూనిఫారంలోనే. ఆశీర్వాదం, కంపెనీ గుమాస్తా ఇంకో పక్క బెంచీ మీద ఉన్నారు.

"ఆదివారం హాజరులో మీ పేరుంది. మీరు పనికి వెళ్లారా?"

"లేదమ్మా. ఏ ఆదివారమూ వెళ్లలేదు. నా బదులు పేచ్చిత్తాయిని నేనే పంపాను. ఆరు వారాలు. ఫోర్‌మన్‌గారికి తెలుసు, నా పేరే ఉంచుతానని ఆయనే చెప్పారు."

వరండాలో గుసగుస లేచింది. అధికారి చెయ్యెత్తింది.

"ఆమెకు పని నేర్పిందెవరు?"

"నేనే. బూడిదతో, ఒక్క సాయంత్రం. బాగానే నేర్చుకుంది. దాని చేతి తప్పు లేదు. తప్పు మందుది. శనివారం మిగిలిన మందు చెమ్మెక్కింది. దాన్నే ఆదివారం పొద్దున వాడించారు."

"మీకెలా తెలుసు?"

"మిగిలిన మందు పారబొయ్యడం నా పని. ఆ రోజు పారబొయ్యలేదు. గుడి గంట కొట్టారని వదిలేసి వెళ్లాను. ఫోర్‌మన్‌గారు చూసుకుంటానన్నారు. చూసుకోరని నాకు అనిపించింది. అనిపించినా వెళ్లాను. ఇది కూడా రాసుకోండి."

అధికారి కలం ఆపి ఆమె మొహంలోకి చూసింది. "అమ్మా, ఇది రాస్తే మీ మీద కూడా కేసవుతుంది. తెలిసే చెబుతున్నారా?"

"తెలిసే."

గుమాస్తా లేచి ఏదో అరిచాడు. ఆశీర్వాదం తల వంచుకుని కూర్చున్నాడు. జెబకనీ చదివించుకుని, కాగితం కింద సంతకం పెట్టింది. పెట్టి తిరిగేసరికి ముత్తుమారి ఎదురుగా నిలబడి ఉంది. ఆసుపత్రిలో ఉన్న రెండు రోజులూ "పెద్దమ్మా, పెద్దమ్మా" అని ఆమె కొంగు పట్టుకునే తిరిగిన పిల్ల.

"మందు అలా ఉందని నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"తెలుసమ్మా."

ఆ పిల్ల పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకుని వరండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

అప్పటిదాకా కంపెనీ కాగితాల్లో పేచ్చిత్తాయి అనే మనిషే లేదు. ఆ వాంగ్మూలంతో ఆమె పేరు చనిపోయినవాళ్ల వరసలో చేరింది. కంపెనీకి సీలు వేశారు. ఆశీర్వాదాన్ని తీసుకెళ్లారు, మూడు వారాల్లో బెయిలు మీద వదిలారు. జెబకనీ మీద కూడా కేసు రాశారు, సోమవారం సోమవారం స్టేషనుకెళ్లి సంతకం పెట్టి రావాలి. దీపావళి వచ్చింది. బాణసంచా చేసే ఆ ఊళ్లో ఆ ఏడు ఒక్క టపాకాయ పేలలేదు. సగం ఇళ్లవాళ్లు ఇటుకబట్టీలకని మూటలు సర్దుకున్నారు.

కొట్టు దగ్గర ఆమెను చూస్తే ఆడవాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. "దారివ్వండే, పరిశుద్ధురాలొచ్చింది! మన పొయ్యిలార్పి తన ఆత్మ కాపాడుకుంది" అని ఒకావిడ అందరూ వినేలా అంది. కృతజ్ఞతారాధన రోజు గుడిలో వాటేసుకుని ఏడ్చింది కూడా ఆవిడే. జెబకనీ ఉప్పు పొట్లం తీసుకుని వచ్చేసింది. గుడి కమిటీ దేవ ఇరక్కాన్ని గంట పని నుంచి తీసేసింది. అతను పత్తి చేలకు కూలికి పోతున్నాడు, ఇంట్లో అవసరానికి మించి మాట్లాడడం మానేశాడు. అయ్యగారు ఒకసారి ఇంటికొచ్చారు. ప్రార్థన చేస్తాననలేదు. చాప మీద కూర్చుని, "ఆ రోజు మిమ్మల్ని ముందుకు పిలిచి తప్పు చేశానమ్మా" అన్నారు. ఆమె ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు, కార్తీకం ముగిసేసరికే ఊరికి నీళ్ల కరువు మొదలైంది. వీధి కుళాయికి వారానికి ఒక్కసారే నీళ్లు, అది కూడా ఆదివారం పొద్దున, సరిగ్గా గుడి గంట కొట్టే వేళకు. ఎన్నో ఏళ్లుగా కరువు రోజుల్లో అదే వేళ. అన్నేళ్లూ ఆ వేళకు జెబకనీ బిందెలు కూడా పట్టి గడపలో పెట్టింది పేచ్చే. గుడి నుంచి వచ్చి ఆ నీళ్లతో అన్నం వండుకుంటూ, వాటిని ఎవరు మోశారని జెబకనీ ఒక్కరోజూ అనుకోలేదు.

ఆ ఆదివారం ఆమె పేచ్చి ఇంటి అరుగు మీది ఖాళీ బిందెలు నాలుగు తీసుకుని కుళాయి వరసలో నిలబడింది. ముందూ వెనకా ఉన్నవాళ్లు జానెడు దూరం జరిగారు. గంట మోగింది. కొత్తగా కొట్టేవాడికి ఇంకా లయ కుదరలేదు. పాట మొదలైంది, అయిపోయింది. ఆమె వంతు వచ్చేసరికి ప్రసంగం కూడా సగానికొచ్చి ఉంటుంది. రెండేసి బిందెల చొప్పున మోసుకొచ్చి పేచ్చి గడపలో పెట్టింది. తలుపు వేసే ఉంది. తట్టలేదు.

"ఎవరే బయట?" అని లోపల మంచం మీది ముసలామె అడిగింది.

"ఎవరూ లేరు నానమ్మా" అంది ముత్తుమారి. "నీళ్లొచ్చాయి."

జెబకనీ తడిసిన కొంగు పిండుకుని గుడి వైపు నడిచింది. ఆమె వెళ్లేసరికి ముందు బల్ల దగ్గర ఆశీర్వాదం కానుకల పళ్లెం పట్టుకుని ఉన్నాడు. ఆమె చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. ఆ వరసలో ఇంకెవరూ లేరు. పళ్లెం ఆ వరస దాకా రాలేదు.